సైజు లేదన్నారు

బెంచీ చల్లదనం లోపలి లాగు గుండా తొడల్లోకి ఎక్కుతోంది, కదిలితే ఇంకో చోట కొత్తగా తగులుతుంది కాబట్టి ఏరికా పెసోనెన్ కదలడం లేదు. పైన సైన్యం వాళ్ళిచ్చిన మందపాటి కోటు, మెడ దాకా బొత్తాలు పెట్టుకుంది. కింద సైన్యం వాళ్ళిచ్చిన బూట్లు, లేసులు బిగించి కట్టుకుంది. నెత్తిన టోపీ. మధ్యలో మాత్రం, నడుము నించి చీలమండల దాకా, బూడిదరంగు లోపలి లాగు, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, మొన్నటి దాకా రోజూ ట్యాంకరు నిండా పాలు మోసుకెళ్ళి డెయిరీలో దించిన మనిషి, నిన్న పొద్దున తనంతట తనే ఈ గేటులోకి నడిచొచ్చి పేరు చెప్పిన మనిషి, సామాన్ల గది ముందు, రెండు వందల మంది కొత్త సిపాయిలు వచ్చీపోయే దారిలో, లోపలి లాగుతో కూర్చుంది. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. పదకొండున్నరకి మైదానంలో హాజరు. తన జీన్సు ఉంటే అదైనా తొడుక్కునేది, కానీ ఇంటి బట్టలన్నీ నిన్ననే గోనెసంచిలో వేయించి, మూతికి నంబరు బిళ్ళ కట్టి, అటక మీదికి పంపేశారు. సామాన్ల గది చూసే ఆయన పేరు తైస్తో, అరవైకి దగ్గరపడ్డ మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "పెద్ద సైజు ఒకే ఒక్కటి మిగిలింది, అదీ ఇందాకే వెళ్ళిపోయింది, కూర్చో అమ్మాయ్, వెనక చూసొస్తా," అని వెళ్ళాడు. పావుగంట అయింది.

ముందు తప్పు తనదే, అదే మండుతోంది. తైస్తో మూడు ప్యాంట్లు తీసిచ్చాడు, మొదటిది మోకాళ్ళు దాటలేదు, రెండోది తొడల దగ్గర ఆగిపోయింది, మూడోది తుంటి మీదికి ఎలాగో ఎక్కి నడుము దగ్గర జానెడు ఎడంతో నిలిచిపోయింది, వెనకాల వరసలో నలభై మంది, అప్పటికి ఎవరూ ఏమీ అనలేదు, ఒక్కడు కూడా నవ్వలేదు, తనే, ఏరికాయే, రెండు చేతులూ చాపి, "టెంటు గుడ్డ ఉంటే తెండి, చుట్టుకుంటా, తాడు నేనే కట్టుకుంటాలెండి," అంది. అందరూ నవ్వారు. నవ్వమని అడిగింది తనే కదా. ఏడో తరగతి నించీ ఇదే విద్య, ఎదుటివాడు అనబోయేది ముందే తను అనేస్తే దెబ్బ తగలదని. తగలకపోవడమేమిటి, తగులుతుంది, కాకపోతే కొట్టింది తనే అవుతుంది, ఇంక ఎవర్ని తిట్టాలి. గేటు దాటేటప్పుడు ఒట్టు పెట్టుకుంది, ఇక్కడ మాత్రం ఆ పని చెయ్యకూడదని, ఇక్కడెవరికీ తను తెలియదు, పాత ఏరికాని ఎవరూ చూడలేదు, కొత్తగా మొదలుపెట్టొచ్చని. ఒక్కరోజు. సరిగ్గా ఒక్కరోజు నిలిచింది ఆ ఒట్టు. ఎందుకు నవ్వించాలి అసలు, ప్యాంటు లేనిది వాళ్ళ దగ్గర, సిగ్గుపడాల్సింది వాళ్ళు, తనెందుకు వాళ్ళ సిగ్గుని ఎత్తుకుని మోసింది, అది కూడా నలభై మంది ముందు, ఊరికే?

ఒళ్ళో ఒక కాగితం ఉంది. అది ఇచ్చినవాడు కార్పొరల్, వీతసాలో అని పేరు. ఇరవై ఏళ్ళుంటాయి, గడ్డం ఇంకా అక్కడక్కడే మొలిచింది, నిరుడు ఎండాకాలంలో అతనూ ఇదే గది ముందు ఇదే వరసలో నిలబడి ఉంటాడు, ఇప్పుడు భుజానికి పట్టీ వచ్చింది కాబట్టి అతన్ని ఏరికా మీరు అనాలి, అతను ఏరికాని నువ్వు అంటాడు, సరే, సైన్యం అంటే అదేనని తెలిసే వచ్చింది, దానికేం కోపం లేదు. కానీ వచ్చి పక్కన మోకాలి మీద కూర్చున్న తీరు చూస్తేనే ఒళ్ళు మండింది, ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"పెసోనెన్, ఇది చూసుకో. తొందరేం లేదు."

"ఏమిటిది, కార్పొరల్ గారూ?"

"మీకు, అంటే ఆడవాళ్ళకి, ముప్ఫై రోజుల గడువుంటుంది కదా. వద్దనుకుంటే సంతకం పెట్టి ఇంటికెళ్ళిపోవచ్చు. కారణం కూడా రాయక్కర్లేదు. ఎవరూ ఏమీ అనుకోరు. మా పిన్ని కూడా నీలాగే... అంటే, ఒళ్ళు కొంచెం... ఆవిడకి మోకాళ్ళు పోయాయి."

"నాకు మోకాళ్ళున్నాయండి."

"ఉన్నాయిలే. ఊరికే చెప్పా."

ఊరికే చెప్పాడట. వాడి పిన్ని మోకాళ్ళు తీసుకొచ్చి తన ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. ఇంతమంది ఆడవాళ్ళు ఈ పూట ఈ వరసలో నడిచారు, పద్దెనిమిది మంది, లెక్కపెట్టింది, వాళ్ళలో ఒకమ్మాయి పొద్దున పరుపు మీద కూర్చుని అమ్మ కావాలని ఏడ్చింది కూడా, ఆ అమ్మాయికి ఇచ్చాడా కాగితం? ఇవ్వలేదు. ఆ అమ్మాయి నడుము రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. ఏడుపు తగ్గుతుంది, ఇల్లు మర్చిపోతుంది, సిపాయి అవుతుంది, అలా అనుకుని ఉంటాడు. లావుపాటి మనిషికి మాత్రం ఏడవకుండానే దారి చూపిస్తారు, తలుపు తీసి పట్టుకుంటారు, ఎంత మర్యాదో.

ఆఖరి పెద్ద ప్యాంటు ఎవరికి వెళ్ళిందో ఏరికాకి తెలుసు. ఇప్పుడే ఇటే వచ్చాడు వాడు, వేతి అని, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, పీపాలా ఉంటాడు, నడుస్తుంటే బెల్టు మీంచి పొట్ట ముందు వస్తుంది, చేతుల్లో దుప్పట్లు, గిన్నెలు, శిరస్త్రాణం, ఏరికా ముందు ఆగి అటూ ఇటూ చూసి, "నాది కూడా పట్టలేదు, పై బొత్తాం పెట్టలేదు, కోటు కప్పేసింది," అని గుసగుసగా చెప్పి వెళ్ళిపోయాడు. మంచివాడు. వాడి మీద కోపం లేదు. వాడికి ఎవరూ కాగితం ఇవ్వలేదు, ఇవ్వడానికి వాడికి కాగితమే లేదు, మగవాడు కాబట్టి వాడు ఉండి తీరాలి, వాడి పొట్ట సైన్యం సమస్య, వాడిని పరిగెత్తిస్తారు, తిడతారు, చెమట పట్టిస్తారు, ఆరునెలలకి మనిషిని చేసి పంపుతాం అంటారు. తన ఒళ్ళు మాత్రం తన సమస్య. తను కోరి వచ్చింది కాబట్టి. కోరి వచ్చినవాళ్ళకి ప్యాంటు ఉండదు, రానని ఏడ్చేవాళ్ళకి ఉంటుంది, ఏం న్యాయం ఇది? వచ్చి మధ్యలో తప్పించుకుపోయినవాళ్ళకి ఇంకా సుఖం, ఏమెలిలాగా.

ఏమెలి తమ్ముడు. సన్నగా, పొడుగ్గా, చెక్కిన కర్రలా ఉంటాడు, పిలుపు వచ్చినప్పుడు డాక్టర్లు వాడిని చూసి మురిసిపోయి ఉంటారు. సైన్యంలో రెండు వారాలు ఉన్నాడు. వెన్ను నొప్పన్నాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడు పడవ ఇంజను ఎత్తి ఒక్కడే ఒడ్డున పెట్టాడు, ఆ వెన్నుతోనే. అమ్మ వాడికి యాలకుల బన్నులు చేసి పెట్టింది, పాపం చిక్కిపోయాడని. ఆ క్రిస్మస్‌కి నాన్న, ఏమెలి ఆవిరి స్నానానికి పెదనాన్నతో, బాబాయిలతో కలిసి వెళ్ళినప్పుడు తలుపు అవతల బట్టలు మార్చుకునే గదిలో కూర్చున్న ఏరికాకి అంతా వినపడుతూనే ఉంది, నాన్న ఎప్పటిలాగే తన సైన్యం రోజులు చెబుతున్నాడు, మంచులో గుడారం పొయ్యి ఆరిపోయిన కథ, ఎవరో సార్జెంటు బూట్లు గడ్డకట్టిన కథ, వందసార్లు విన్నవే, పెదనాన్న తన వంతు చెప్పాడు, బాబాయిలు చెప్పారు, ఏమెలి వంతు వచ్చేసరికి నిశ్శబ్దం, ఆవిరి కోసం కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసిన చప్పుడు, ఆ నిశ్శబ్దం పోగొట్టడానికి వాడన్నాడు, "యుద్ధం వస్తే మనకేం భయం, అందరం ఏరికా వెనక దాక్కుందాం, ఇంటిల్లిపాదికీ చోటు సరిపోతుంది," అని. నవ్వులు. నాన్న నవ్వు కూడా. నాన్న నవ్వు ఏరికాకి బాగా తెలుసు, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా మొదలవుతుంది. ఆ రోజు కూడా ఆలస్యంగానే మొదలైంది, కానీ మొదలైంది.

రెండు వారాల్లో పారిపోయి వచ్చినవాడు వెనక దాక్కుంటాడట! అయినా వెనక దాక్కోవడం ఏమిటి, ఎవరైనా వచ్చినా వాడికి ముందు నిలబడేది తనే అని వాడికి తెలుసు, అదే అసలు కడుపుమంట, తెలిసే అన్నాడు. బడిలో వాడిని కొట్టబోయిన ముగ్గురిని ఎవరు మంచులోకి తోశారు? వాడి ఎర్ర కారు చెరువు గట్టున దిగబడితే తాడు పట్టి రోడ్డు మీదికి ఎవరు లాగారు? బలం కావాల్సినప్పుడు ఏరికా, బరువు అనిపించినప్పుడూ ఏరికాయే, ఆ రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయని ఎవరికీ తోచదా?

ముప్ఫై ఒక్క కిలోలు తగ్గింది. పద్నాలుగు నెలలు పట్టింది. డెయిరీ వెనకాల ఇనుప మెట్లున్నాయి, డెబ్భై రెండు, పాలు దింపేలోగా ఇరవై నిమిషాలు దొరికితే అవి ఎక్కడం, దిగడం, మొదటి నెల పదోసారికి గుండె నోట్లోకి వచ్చేది, చివరికి వీపున ఇసకమూటతో నలభైసార్లు ఎక్కింది. రొట్టె మీద వెన్న మానేసింది. శనివారాలు చెరువు పైన గడ్డకట్టిన మంచు పగలగొట్టి ఈదింది, బరువుకు కాదు, కోపం చల్లారడానికి. ఊళ్ళో దుకాణంలో వరసలో నిలబడితే చాలు, "సగం అయిపోయావే, ఏరికా! మిగతా సగం ఎక్కడ పెట్టావ్?" అని ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని మెచ్చుకునేవాళ్ళు, చర్చి దగ్గర పాస్టరు భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా, ఎంత అందంగా అయిపోయావో అంటూ. అయిపోయావు అంటే? అంతకుముందు ఏమిటి? ఆ పోయిన ముప్ఫై ఒక్క కిలోలు కూడా తనే కదా, అవి కూడా ఆ లారీ నడిపాయి, ఆ గొట్టాలు లాగాయి, ఆ తెల్లవారుజాముల్లో లేచాయి, వాటికేమీ మర్యాద లేదా, చచ్చిన దొంగ గురించి మాట్లాడినట్టు మాట్లాడతారేమిటి? అమ్మ అయితే మెచ్చుకోలేదు, భయపడింది. "ఇంత చేసి సైన్యానికా? పెళ్ళికైతే అర్థముంది," అంది. అమ్మకి బన్నుల డబ్బా ఎక్కడ దాచాలో మాత్రం ఎప్పుడూ తెలిసేది, చిన్నప్పుడు బీరువా మీద, తర్వాత కుట్టుమిషను కింద, ఏమెలికి చెప్పేది, తనకి చెప్పేది కాదు. వాడు తెచ్చి ఇచ్చేవాడు, అదొక్కటి మంచిపని వాడు చేసింది.

తొడలు మొద్దుబారాయి. ఈ మొద్దు తెలిసిన మొద్దే, బడిలో కాళ్ళకి పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచు మీద జారే పందెం రోజు ఇలాగే ఉండేది, ఐదు కిలోమీటర్లు, అడవిలో, పదమూడేళ్ళు తనకి. ముందు వెళ్ళినవాళ్ళ గాడుల్లో పట్టుకుని వెళుతుంటే ఆ గాడులు కూడా తన కింద విరిగిపోయేవి, పడింది, లేచింది, మళ్ళీ పడింది, చేతికర్ర ఒకదాని చివర ఊడిపోయింది, అయినా ఆగలేదు, ఒక్కసారి కూడా ఆగలేదు, అడ్డదారి తీసుకోలేదు, తరగతిలో రాజకుమారుడిలా తిరిగే మిక్కో అడ్డదారిలోనే వెళ్ళాడు, అందరూ చూశారు. చివరి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఎర్రజెండా లేదు, బల్ల లేదు, గడియారం పట్టుకుని నిలబడాల్సిన టీచరు లేదు, మంచు మీద బల్ల కాళ్ళ గుర్తులు నాలుగు ఉన్నాయి, అంతే. అందరూ వచ్చేశారనుకుని సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. మర్నాడు పట్టికలో తన పేరు పక్కన గీత. పూర్తి చెయ్యలేదు అని అర్థం. "టీచర్, నేను పూర్తి చేశాను," అంటే, "చేశావేమో, కానీ ఎవరూ చూడలేదు కదమ్మా," అంది ఆవిడ జాలిగా. జాలి! పదిహేనేళ్ళయింది, ఆ జాలి ఇంకా గొంతులో ఇరుక్కుని ఉంది.

ఇరవై ఒకటో ఏట మొదటిసారి సైన్యానికి దరఖాస్తు పెట్టింది. డాక్టరు తలెత్తలేదు. ఎత్తుకి తగ్గ బరువు పట్టిక ఒకటి ముందు పెట్టుకుని, ఒక వేలు అడ్డంగా జరిపి, ఇంకో వేలు నిలువుగా జరిపి, ఆ రెండు వేళ్ళూ కలిసిన చోట రంగు చూసి, "లేదు," అన్నాడు. ఎంత బరువు ఎత్తగలవని అడగలేదు. రాత్రంతా మెలకువగా ఉండి బండి నడపగలవా అని అడగలేదు. కూరగాయల గురించి ఒక చిన్న పుస్తకం ఇచ్చాడు, అట్ట మీద దోసకాయ బొమ్మ, దోసకాయకి నవ్వుమొహం. తిరిగొచ్చే దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి రెండు సాసేజులు కొనుక్కుని, ఆవాల ముద్ద పూసుకుని, ఆ పుస్తకం ఒళ్ళో పరుచుకుని దాని మీదే తింది. కోపంతో తిన్నది అరగదంటారు, అవి బ్రహ్మాండంగా అరిగాయి.

ఇంక ఆ సంగతి మర్చిపోయిందనే అనుకుంది. ఆరేళ్ళ తర్వాత ఒక అక్టోబరులో, మట్టిరోడ్లన్నీ పాయసంలా ఉన్న రోజుల్లో, సరిహద్దు వైపు ఇళ్ళలో పాలు పోయించుకోవడానికి వెళుతుంటే మలుపు దగ్గర సైన్యం లారీలు మూడు, వరసగా, ఇరుసుల దాకా దిగబడి ఉన్నాయి. చుట్టూ సన్నపాటి కుర్రాళ్ళు పదిహేను మంది, పారలు పట్టుకుని, మొహాల నిండా బురద. ఏరికా దిగింది, చుట్టూ తిరిగి చూసింది, "మొదట చివరిదాన్ని లాగాలి, మీరు ముందుదాన్ని లాగుతున్నారు," అంది. ఇనుప తాడు తీసి కట్టింది, తన ట్యాంకరుని గట్టి నేల మీదికి వెనక్కి తీసుకెళ్ళి, మెల్లిగా, ఇంజను గొంతు వింటూ, ఒక్కొక్కటిగా మూడింటినీ లాగి రోడ్డున పెట్టింది. నలభై నిమిషాలు. వాళ్ళ లెఫ్టినెంటు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మీరు ఉండాల్సింది మా దగ్గర," అన్నాడు. నవ్వుతూ అనలేదు, మామూలుగా అన్నాడు. ఒంటి వైపు చూసి అనలేదు, తాడు కట్టిన ముడి వైపు చూసి అన్నాడు.

ఆ రోజు ఆలస్యంగా చేరింది ఔనె గారి ఇంటికి. ఆ దారిలో ఆఖరి ఇల్లు అదే, తొమ్మిది ఆవులు, ఎనభై ఏళ్ళ ముసలామె, పశువుల కొట్టం వెనక తలుపు తీస్తే అడవి, అడవిలో చెట్లు కొట్టేసి తీసిన పొడుగాటి బాట, ఆ బాట అవతల ఇంకో దేశం. ఆ అవతలి దేశం తన ఇంకో పొరుగుదేశం మీద యుద్ధానికి దిగినప్పటినించీ ఔనె గారు రోజూ కాఫీ కప్పు చేతికిస్తూ ఒకటే ప్రశ్న అడుగుతుంది, "వస్తారంటావా?" అని. ఏరికా రోజూ, "రారులెండి," అనేది. ఆ రోజు అలా అనలేకపోయింది. వస్తే ఈవిడని, ఈ తొమ్మిది ఆవుల్ని ఎవరు లారీ ఎక్కిస్తారు? ఏమెలి ఎక్కిస్తాడా? ఆ బురదలో ముందు లారీనే లాగుతూ కూర్చునే కుర్రాళ్ళు ఎక్కిస్తారా? ఎక్కిస్తారు, నేర్పితే ఎక్కిస్తారు, ఎవరో నేర్పాలి కదా. ఆ సాయంత్రమే మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఇరవై తొమ్మిది దాటితే ఆడవాళ్ళని ఇంక తీసుకోరు. ఈ బెంచీ ఆఖరి బెంచీ.

తైస్తో వచ్చాడు. ఖాళీ చేతులు. చేతులు ఖాళీగా ఉన్నాయని చూపించడానికన్నట్టు ముందుకి చాపి పట్టుకొచ్చాడు.

"సైజు లేదమ్మాయ్. పెద్ద దండు గోడౌనుకి రాశా. బుధవారం వస్తాయి."

ఇవాళ సోమవారం. ఏరికా కాగితం చూసింది. పేరు, పుట్టిన తేదీ, స్వచ్ఛందంగా వైదొలుగుతున్నాను, సంతకం. కోటు జేబులో కార్పొరల్ పెట్టి వెళ్ళిన కలం ఉంది, కలం కూడా ఇచ్చాడు మహానుభావుడు. కాగితం తిప్పింది. వెనక తెల్లగా ఉంది. మోకాలి మీద పెట్టి పెద్ద అక్షరాలతో రాసింది: కోటు ఇచ్చారు, టోపీ ఇచ్చారు, బూట్లు ఇచ్చారు, ప్యాంటు అడిగాను, లేదన్నారు, సోమవారం, పదకొండు గంటల పది నిమిషాలు.

"ఇక్కడ సంతకం పెట్టండి."

"నేనా? నేనెందుకమ్మా?"

"లేదన్నది మీరు కదా."

తైస్తో కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకుని చదివాడు. రెండోసారి చదివాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ గదిలో మనుషుల చేత సంతకాలు పెట్టించుకున్నవాడు, చెంచాకి సంతకం, దుప్పటికి సంతకం, మేజోళ్ళకి సంతకం, ఇంతవరకు ఎవరూ అతని చేత పెట్టించలేదు. "నిజమేలే," అని సంతకం పెట్టాడు. తేదీ కూడా వేశాడు. ఏరికా కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది, ఏడవలేదు, ఏడిస్తే మళ్ళీ ఎవరో ఒకరు మోకాలి మీద వచ్చి పక్కన కూర్చుంటారు.

బయట ఈల. నడవా అంతా బూట్ల చప్పుడు. కార్పొరల్ వీతసాలో హాజరు కాగితాల అట్ట పలక చంకలో పెట్టుకుని పరుగున పోతూ ఆగాడు.

"పెసోనెన్, నువ్వు లోపలే ఉండు. నీ పేరు దగ్గర జబ్బు అని రాసేస్తా."

"నాకు జబ్బు లేదండి."

"తెలుసు. కానీ రాకపోతే ఏదో ఒకటి రాయాలి కదా. అదైతే ఎవరూ అడగరు."

అతను వెళ్ళిపోయాడు. ఎవరూ అడగరట! ఎవరు అడిగారు ఇన్నాళ్ళూ? డాక్టరు అడగలేదు, టీచరు అడగలేదు, పట్టిక మీద రంగు చూసి రాసుకున్నారు, ఖాళీ జాగా చూసి గీత గీసుకున్నారు, ఇప్పుడు వీడు జబ్బు రాస్తాడు, బుధవారం దాకా, మూడు పూటలా, సైన్యంలో తన మొదటి వారం మొత్తం జబ్బు అని ఉంటుంది, ఆ తర్వాత ఎవడైనా తిరగేసి చూస్తే, ఓహో, లావుపాటి మనిషి కదా, మొదటి రోజే జబ్బుపడింది, అనుకుంటాడు. డెబ్భై రెండు మెట్లు, నలభైసార్లు, వీపున ఇసకమూట. జబ్బు. ఏరికా లేచి నిలబడింది. లోపలి లాగు తొడలకి అంటుకుపోయి ఉంది, లాగి సర్దుకుంది. టోపీ సరిచేసుకుంది. "అమ్మాయ్, బయట మైనస్ పద్దెనిమిది," అన్నాడు తైస్తో వెనకనించి. నడవా చివర తలుపు తోసింది.

చలి కాళ్ళని రెండు చేతులతో పట్టుకున్నట్టు పట్టుకుంది. మైదానంలో కంపెనీ అంతా వరసలు కట్టి ఉంది, పచ్చకోట్లు, పచ్చప్యాంట్లు, నోళ్ళలోంచి ఆవిరి. తన జాగా మూడో వరస చివర, అక్కడికి చేరాలంటే అందరి ముందు నించీ నడవాలి. బూట్ల కింద మంచు కీచుకీచుమంటోంది, ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, ఎనభై అడుగులు, పరిగెత్తకూడదు, పరిగెత్తితే తొడలు ఊగుతాయి, ఊగితే ఊగనీ, పరిగెత్తేది సిగ్గుపడేవాళ్ళు, నడిచింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ఉష్‌మన్నారు. జాగాలో నిలబడి మడమలు కలిపింది.

కెప్టెన్ హోంకానెన్ నలభై ఏళ్ళ మనిషి, మొహంలో ఏ సంగతీ కనపడనివ్వడు. వరసల మధ్యకి నెమ్మదిగా నడిచొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు?"

"కొత్త సిపాయి పెసోనెన్, కెప్టెన్ గారూ!"

"ప్యాంటేదీ?"

"ఇవ్వలేదు, కెప్టెన్ గారూ!"

"ఎందుకివ్వలేదు?"

"నా సైజు సైన్యం దగ్గర లేదు, కెప్టెన్ గారూ!"

"మరి ఈ చలిలో బయటికెందుకొచ్చావ్? లోపలుండొచ్చుగా?"

"లోపలుంటే జబ్బు అని రాస్తామన్నారు. నాకు జబ్బు లేదు. హాజరుకి పిలిచారు, నేనొచ్చాను. రానిది ప్యాంటు!"

కెప్టెన్ కాసేపు ఆమె మొహంలోకే చూశాడు, కిందికి చూడలేదు. తర్వాత మెడ తిప్పాడు.

"కార్పొరల్, రాసుకో. పెసోనెన్, హాజరు. ప్యాంటు, గైరుహాజరు."

వరసలన్నీ ఒక్కసారి గొల్లున నవ్వాయి. అంతమంది నవ్వు చల్లగాలిలో ఆవిరై లేచింది. ఏరికా నవ్వలేదు. ఈ నవ్వు తను అడిగింది కాదు, ఎవరి మీదో తేల్చుకోవాలని కూడా అనిపించలేదు, పళ్ళు బిగించి ఎదురుగా ఉన్న జెండా కర్రని చూస్తూ నిలబడింది. కెప్టెన్ చెయ్యెత్తగానే నవ్వు ఆగింది. తైస్తోని పిలిపించాడు. తైస్తో కోటు కూడా వేసుకోకుండా చొక్కాతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏ సైజు కావాలి ఈమెకి?"

"కొలత సరిగ్గా... తీసుకోలేదండి. మూడు ఇచ్చి చూశానంతే." తైస్తో ఏరికా దగ్గరికొచ్చాడు, వీపు వరసల వైపు తిప్పి, ఆమెకి అడ్డంగా నిలబడి, తల వంచి గొంతు బాగా తగ్గించాడు. మర్యాద తెలిసిన మనిషి. "చెవిలో చెప్పమ్మా, నేను రాసుకుంటా."

ఆ అంకెలు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు ఏరికా. అమ్మకి చెప్పలేదు. బట్టల దుకాణాల్లో తనే వెతుక్కుని, చీటీ లోపలికి మడిచి బల్ల మీద పెట్టేది. ఆ పద్నాలుగు నెలలూ టేపు చుట్టుకున్న గదికి తలుపు గడియ పెట్టుకునే ఉండేది. తైస్తో భుజం మీంచి వరసలు కనిపిస్తున్నాయి, వేతి ఎర్రటి బుగ్గలు, పొద్దున ఏడ్చిన అమ్మాయి, కార్పొరల్ చేతిలో అట్ట పలక.

"నడుము నూట పన్నెండు సెంటీమీటర్లు!" అని అరిచింది, మైదానం అవతల వంటశాల దాకా వినపడేటట్టు. "తుంటి నూట ఇరవై తొమ్మిది! ఎత్తు నూట డెబ్భై ఆరు!"

ఇరవై తొమ్మిది అన్న మాట బ్యారక్ గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"విన్నావుగా," అన్నాడు కెప్టెన్ తైస్తోతో. "బుధవారం కాదు. ఇవాళే. పెద్ద దండుకి బండి పంపించు, నాలుగింటికల్లా రెండు జతలు ఉండాలి."

"రెండు ఈమెకి, సరేనండి."

"వచ్చేసారికి ఇంకో నాలుగు తెప్పించండి," అంది ఏరికా, అడక్కుండానే, ముందుకు చూస్తూనే. "ఈసారి నేనొక్కదాన్నే, వచ్చేసారి ఇంకొకరు వస్తారు."

వరసలో నిలబడి అడక్కుండా మాట్లాడినందుకు ఆ సాయంత్రం నడవా తుడిచే పని పడింది, అది న్యాయమే, దానికి ఏమీ అనుకోలేదు, నాలుగున్నరకి వచ్చిన ప్యాంటు తొడుక్కుని, పొడవు ఎక్కువైన కాళ్ళు పైకి మడుచుకుని, నడవా రెండు చివరలా శుభ్రంగా తుడిచింది. కానీ అది తర్వాతి సంగతి. అప్పటికి ఇంకా మైదానంలోనే ఉంది, తొడలు తనవి కావన్నట్టు ఉన్నాయి, కోపం ఇసుమంతైనా తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు, కెప్టెన్ వెనక్కి వెళ్ళి ఆజ్ఞ ఇచ్చాడు, కంపెనీ అంతా ఒక్కసారిగా భోజనశాల వైపు తిరిగింది, మూడో వరస చివర ఏరికా పెసోనెన్ కూడా తిరిగి, అందరితో పాటు ఎడమ కాలు ముందుకి వేసింది.